పాలిష్‌కిచ్చిన బీరువా తిరిగివ్వకపోతే?

ప్రశ్న: మా నాన్నగారు 1962లో మద్రాసులో చేయించిన పుస్తకాల బీరువా ఉంది. ముదురు రంగు రోజ్‌వుడ్ అరలు, స్టీలు ఫ్రేము, నగిషీలేమీ ఉండవు. 2021 నవంబరులో విజయవాడలోనే ఒక షాపుకు పాలిష్‌కిచ్చాం. నోటిమాటగా 6 వేలనుకున్నాం. ఇప్పుడు 18 వేలిస్తేనే ఇస్తానంటున్నాడు. పాత సామాను కొనేవాళ్లకు చూపిస్తున్నాడట కూడా. షాపులో కుర్రాడు రాత్రిపూట తలుపు తీస్తానన్నాడు. మా వస్తువే కదా, తెచ్చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం

జవాబు: ఆ పని మాత్రం చేయకండి. చేసిన పనికి న్యాయంగా రావాల్సిన కూలి అందేదాకా వస్తువును అట్టిపెట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ అతనికిస్తుంది. బాకీ ఉండగా చెప్పకుండా తెచ్చుకుంటే, సొంత వస్తువైనా దొంగతనమే. రిపేరుకిచ్చిన తన వాచీనే బాకీ కట్టకుండా ఎత్తుకెళ్లినవాడి ఉదాహరణ దొంగతనం సెక్షన్‌లోనే ఉంది. ఇప్పుడది, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షన్. రాత్రికి రాత్రి మీరు ముద్దాయి అవుతారు.

మీ ఉత్తరంలో నాన్నగారి గురించి మూడు పేజీలున్నాయి, కేసును తేల్చే తేదీ ఒక్కటీ లేదు. బీరువా ఇచ్చిన రోజుతో పని లేదు. మీరు అడిగాక అతను మొదటిసారి 'ఇవ్వను' అని తెగేసి చెప్పిన రోజు నుంచి మూడేళ్లలో దావా వేయాలి. ఆ రోజెప్పుడు? ఫోన్ మార్చినప్పుడు అతనితో జరిగిన వాట్సాప్ చాట్ పోయిందని రాశారు. ఇంత విలువైన వస్తువు అప్పగిస్తూ చిన్న చీటీ కూడా రాయించుకోకపోవడం ఏమిటండీ? ఇంట్లోవాళ్ల ఫోన్లు వెతకండి. మెసేజ్ దొరికితే ఆ ఫోన్ జాగ్రత్త. కోర్టులో ప్రింటు ఒక్కటే చాలదు, భారతీయ సాక్ష్య అధినియమం (పాత ఎవిడెన్స్ చట్టం స్థానంలో వచ్చింది) 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన సర్టిఫికెట్ జతచేయాలి.

ఈ వారమే లాయరుతో రిజిస్టర్డ్ నోటీసు ఇప్పించండి. ఒప్పుకున్న 6 వేలు ఇస్తామని, తీసుకుని బీరువా అప్పగించమని అందులో స్పష్టంగా రాయించండి. కూలి అంతేనని రుజువైతే, డబ్బు ఇవ్వజూపినా తీసుకోనివాడికి అట్టిపెట్టుకునే హక్కు నిలవదు. కానీ నోటీసు పంపి కూర్చోకండి. అతను అంతకుముందే నిరాకరించాడని తేలితే, కొత్త నోటీసుతో గడువు పెరగదు.

ఇవ్వకపోతే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 8వ సెక్షన్ కింద ఆ బీరువానే ఇప్పించమని సివిల్ కోర్టులో దావా వేయండి. దాంతోపాటే, అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) అడగండి. డబ్బుతో తీరని నష్టమని చెప్పాల్సింది ఇక్కడే, నాన్నగారి జ్ఞాపకం పనికొచ్చేదీ ఇక్కడే. ఆయన ఆ బీరువా పక్కన దిగిన పాత ఫోటో ఉంటే మొదటి విచారణకే తీసుకెళ్లండి.