టెన్త్ పరీక్షల పద్ధతి మారినప్పుడు మా ఇంట్లో మేం చేసినవి

మీ అమ్మాయి ఈ జూన్‌లో పదో తరగతికి వెళ్తోందని, ఇంటర్నల్ మార్కులు (ఏడాది పొడవునా బడిలోనే వేసేవి) ఉంటాయో లేదో, గ్రేడ్లిస్తారో మార్కులిస్తారో తలా ఒక మాట చెబుతున్నారని రాశారు. మీరు ఇంటర్ వరకే చదివారు కాబట్టి తనకు ఎలా సాయపడాలో తెలియడం లేదన్నారు. మాదీ అచ్చం మీ పరిస్థితే. మాది హనుమకొండ, నా చదువూ ఇంటర్‌తోనే ఆగింది. మా అబ్బాయి 2019లో, అమ్మాయి 2025లో తెలంగాణ రాష్ట్ర బోర్డులోనే టెన్త్ రాశారు. ఇద్దరూ రాసింది ఒకే పరీక్ష అనుకోవడమే నేను చేసిన పెద్ద పొరపాటు.

మా వాడికి 11 పేపర్లు. హిందీ ఒక్కటే ఒక పేపరు, మిగతా ఐదు సబ్జెక్టులకు రెండేసి. లెక్కల్లో 14 అధ్యాయాలుంటే వాస్తవ సంఖ్యల నుంచి నిరూపక జ్యామితి దాకా ఏడు అధ్యాయాలు ఒక రోజు, సరూప త్రిభుజాల నుంచి సాంఖ్యక శాస్త్రం దాకా మిగతా ఏడు ఇంకో రోజు రాశాడు. హిందీ తప్ప ఒక్కో పేపరుకు 40 మార్కులే. ముందు రోజు సగం పుస్తకం తిరగేసుకుంటే సరిపోయేది.

కరోనా తర్వాత అది మారింది. 2022–23 నుంచి సబ్జెక్టుకు ఒకటే పేపరు, 80 మార్కులకు, మూడు గంటలు. సైన్స్ ఒక్కటి మాత్రం 2024 నుంచి రెండు రోజులు పెడుతున్నారు. భౌతిక రసాయనశాస్త్రం 40, జీవశాస్త్రం 40, రోజుకు గంటన్నరే. ఇదంతా మా అమ్మాయికి వాళ్ల టీచర్లు చెప్పారు. నేను పట్టించుకోకుండా అన్న చదివినట్టే చదవమని అదే టైమ్‌టేబుల్ రాసి గోడకు అంటించాను. లెక్కల ప్రీ ఫైనల్ రాసి ఇంటికొచ్చి ఏడ్చింది. రాత్రంతా మొదటి ఏడు అధ్యాయాలతోనే సరిపోయిందట, త్రికోణమితి ముట్టుకోలేదట. తప్పు నాదని ఆ రోజే దానికి చెప్పాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఇంట్లో ఒక పూర్తి పేపరు రాయించాం. అసలు పరీక్ష టైము అదే. నాకు లెక్కలు రావు, కానీ గడియారం చూడటం వచ్చు కదా. పన్నెండు కాగానే "పార్ట్ ఏ ఆపేయ్, బిట్ పేపర్ తియ్యి" అనేదాన్ని. బిట్ పేపరు చివరి అరగంటలోనే రాయాలి, 20 మార్కులు దానివే. మొదటి రెండు వారాలు పెద్ద ప్రశ్నల దగ్గరే పన్నెండు దాటిపోయేది. నాలుగో ఆదివారానికి చేయి దారిలో పడింది. సైన్స్‌కు గంటన్నరే పెట్టేదాన్ని. అక్కడ ఒక్క ప్రశ్న దగ్గర పది నిమిషాలు ఎక్కువ కూర్చుంటే ఇక కోలుకోలేరు. ఇంకో మాట. మా వాడి రోజుల్లో అడిషనల్ షీట్లు తీసుకుని దారంతో కట్టేవాళ్లు. 2025లో 24 పేజీల బుక్‌లెట్ ఒక్కటే ఇచ్చారు. అందుకే ఇంట్లో కూడా 24 పేజీల నోట్‌బుక్‌లోనే రాయించాను. ఏ జవాబుకు ఎంత చోటు పడుతుందో దానికి ముందే తెలిసింది.

ఇక మీరు అడిగిన ఇంటర్నల్స్ సంగతి. 2024 నవంబర్ చివర్లో ఒక సాయంత్రం, ఈ ఏడాది నుంచే 20 ఇంటర్నల్ మార్కులు తీసేస్తున్నారు, పేపరు 100 మార్కులకు ఉంటుందని వార్త వచ్చింది. వాట్సాప్ గ్రూపులన్నీ మోగిపోయాయి. మా అమ్మాయి ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడే మార్చారు, ఆ ఏడాదికి 80–20 (పరీక్షకు 80, ఇంటర్నల్స్‌కు 20) పాత పద్ధతే అన్నారు. తర్వాత 2025–26కు కూడా ఇంటర్నల్స్ కొనసాగించారు. ఆ ఒక్క రాత్రి టెన్షన్ పిల్లకు అనవసరంగా పెట్టామని ఇప్పటికీ బాధగా ఉంటుంది. అప్పటి నుంచి ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. పరీక్షల వార్త ఏదొచ్చినా ముందు నేనే చూస్తాను, మర్నాడు బడికి ఫోన్ చేసి అడుగుతాను, ఖాయమైతేనే దానికి చెబుతాను. మీరూ ఈ ఒక్కటి చేయండి, చాలా మేలు చేస్తుంది.

మీ అమ్మాయికి ఇంటర్నల్స్ ఉంటే మాత్రం వాటిని మార్చి దాకా మర్చిపోవద్దు. ఏడాదిలో నాలుగు ఫార్మేటివ్ పరీక్షలు (బడిలోనే మధ్యమధ్యలో పెట్టేవి) పెట్టి, వాటి సగటు వేస్తారు. ఒక్కోదానికి 20 మార్కులు: తరగతిలో పాల్గొనడానికి 5, రాత పనికి 5, ప్రాజెక్టుకు 5, స్లిప్ టెస్ట్‌కు (చిన్న రాత పరీక్షకు) 5. అంటే నోట్సు పూర్తిగా రాసి ఉండటం, ప్రాజెక్టు సొంతంగా చేసి సమయానికి ఇవ్వడం కూడా మార్కులే. సాంఘికశాస్త్రం ప్రాజెక్టుకు మా అమ్మాయి మా వీధిలో పది ఇళ్లు తిరిగి నీళ్ల వాడకం రాసుకొచ్చింది. నేను పక్కన నడిచానంతే.

గ్రేడ్ల విషయానికొస్తే, 2025 నుంచి జీపీఏ (అన్ని సబ్జెక్టుల గ్రేడ్ పాయింట్ల సగటు) పోయి మెమోలో సబ్జెక్టు వారీగా మార్కులు, గ్రేడ్లు వస్తున్నాయి. మా వాడి కాలంలో 91 వచ్చినా 99 వచ్చినా పది పాయింట్లే. ఇప్పుడు ప్రతి మార్కూ కనిపిస్తుంది, చుట్టాలు ఫోన్ చేసి మరీ అడుగుతారు. ఫలితాల ముందు రోజే మేం ముగ్గురం కూర్చుని అనుకున్నాం: ఎవరు అడిగినా "మంచిగా పాసైంది" అని మాత్రమే చెప్పాలని. అన్న జీపీఏతో దాని మార్కుల్ని ఒక్కసారి కూడా పోల్చలేదు. పోల్చి ఉంటే ఆ పిల్ల మనసు విరిగిపోయేది.

చివరగా, ఎవరూ ముందే చెప్పని పని ఒకటుంది. పరీక్షలకు చాలా ముందే బడిలో నామినల్ రోల్ వివరాలు తీసుకుంటారు: విద్యార్థి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు. అది పంపేముందు మీరే బడికి వెళ్లి ఒక్కో అక్షరం చూడండి. మా వాడి మెమోలో ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది, నేను చూడకుండానే సంతకం పెట్టేశాను. దాన్ని సరిచేయించుకోవడానికి నెలల తరబడి తిరిగాం. పాస్‌పోర్టుకైనా ఉద్యోగానికైనా పుట్టిన తేదీకి రుజువుగా ఆ మెమో పనికొస్తుంది. జనన ధ్రువపత్రం, ఆధార్ రెండూ పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఆ రెండిట్లోనే తేడా ఉంటే ముందు అది సరిచేయించండి. జూన్ నుంచే మొదలుపెడితే మీకు కావాల్సినంత టైముంది.