సెకండ్ హ్యాండ్ కీబోర్డు కొనేముందు ఆ ఒక్క మెసేజ్ పెట్టుండ్రి

ప్రశ్న: అన్నా, మాది నర్సంపేట దగ్గర ఊరు. పెండ్లిళ్లకు, భజనలకు కీబోర్డు వాయిస్త, అదే నా బతుకుదెరువు. పోయిన నెల హన్మకొండల ఒకాయన దగ్గర 61 కీల కీబోర్డు 24 వేలకు తీస్కున్న. కొనేముందు ఏమన్న కంప్లైంట్ ఉందా అన్నా అని వాట్సాప్‌ల అడిగితే "ఒక్క కంప్లైంట్ లేదు, ఇంట్లనే వాడిన" అని రాసిండు. ఇంటికి తెచ్చి గంటసేపు వాయిస్తే మధ్యల నాలుగైదు కీలు ఉన్నట్టుండి గట్టిగ మోగుతున్నయ్, ఒక్కోసారి అసలు మోగుతనే లేవు. మెకానిక్ విప్పి చూస్తే బోర్డు మీద పచ్చగ చిలుము పట్టి ఉంది, ఎప్పుడో నీళ్లు పోయినయ్, ఇదివరకే ఒకసారి సోల్డరింగ్ చేసిన్రు అన్నడు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "నువ్వు వాయించి చూస్కునే తీస్కపోయినవ్ గద" అంటుండు. నా పైసలు వాపస్ వస్తయా?
- నర్సంపేట పాఠకుడు

జవాబు: తమ్మీ, ముందుగాల రెండు పనులు ఆపు. ఆ కీబోర్డును ఇంకో ప్రోగ్రాంకు తీస్కపోకు, రిపేర్ కూడా చేయించకు. లోపం తెల్సినంక కూడా వాడుకుంటపోతే ఆ సరుకును అట్లనే ఒప్పుకున్నట్టు లెక్క కడ్తరు, ఇగ రిపేర్ చేయిస్తివా ఆ చిలుము, ఆ పాత సోల్డరింగ్ అన్నీ తుడుచుకపోయి నీ దగ్గర సాక్ష్యమే ఉండది. మళ్లొకసారి మెకానిక్ దగ్గరికి పోయి, సీరియల్ నంబర్ కనపడేటట్టు మొదలువెట్టి మూత తీసి బోర్డు చూపెట్టేదాంక ఎక్కడ ఆపకుండ ఒక్కటే వీడియో తీయి. ఆయన కండ్లతోని చూసింది బిల్లు మీద తారీఖు ఏసి రాసియ్యమను.

నీ చేతిల ఉన్న గట్టి ఆధారం ఆ వాట్సాప్ మెసేజ్. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు, చాట్ మొత్తం ఫోన్‌ల అట్లనే ఉండనియ్. 1872 కాంట్రాక్ట్ చట్టం 17వ సెక్షన్‌ల, తెల్సిన లోపాన్ని కప్పిపెట్టుడు, అబద్ధమని తెల్సీ నిజమన్నట్టు చెప్పుడు రెండూ మోసం కిందికే వస్తయ్. 19వ సెక్షన్ ప్రకారం మోసపోయినోడు ఆ బేరం రద్దు చేసుకోవచ్చు. ఆయన ఏం మాట్లాడకుండ ఊకున్నట్టయితే "నువ్వు చూస్కున్నవ్ గద" అన్న మాట కొంత పనికొచ్చేది, కానీ ఆయన ఊకోలే, లేదని రాసిచ్చిండు.

ఒక్క చిక్కు ఉంది, నీళ్లు పోయిన సంగతి ఆయనకు తెలుసా అన్నది. ఆయన కూడా ఇంకెవరి దగ్గర్నో కొని మూత విప్పకుండనే నీకు అమ్మి ఉండొచ్చు, అట్లున్నా తప్పుడు సమాచారం మీద జరిగిన బేరమే కాబట్టి రద్దు అడగొచ్చు, కాకపోతే అప్పుడు మామూలుగ చూస్కుంటే తెలిసేదే గద అన్న వాదన ఆయనకు దొరుకుతది. స్క్రూలు విప్పితే తప్ప కనపడని చిలుమును మామూలుగ ఎట్ల చూస్తం అన్నది నీ జవాబు. ఆ పాత సోల్డరింగ్ ఎక్కడ చేయించిన్రో కూడా కనుక్కో, కీబోర్డులు విప్పేటోళ్లు మన దిక్కు ఎంతమందని ఉంటరు, వరంగల్ హన్మకొండల నలుగురిని అడిగితే ఎవరి చేతి పనో తెలుస్తది, అప్పుడు తెచ్చినోళ్లు ఎవరో కూడా తెలుస్తది.

కొనేటప్పుడు నీకు ఎందుకు దొరకలేదంటవా, ఏ టోన్ (పియానో, ఆర్గాన్ లాంటి సౌండ్) పెట్టి వాయించినవో యాది చేసుకో. ఒక్కో కీ కింద రబ్బరు బుడిపె ఉంటది, దాంట్ల రెండు కాంటాక్టులు ఉంటయ్, కీ నొక్కితే మొదటిది ఒకసారి, రెండోది దాని ఎనక క్షణంల తగుల్తయ్, ఆ రెండిటి నడుమ ఎంత టైం పట్టిందో చూసి మనం మెల్లగ కొట్టినమా గట్టిగ కొట్టినమా అని మిషిన్ లెక్క కడ్తది. నీళ్లు, దుమ్ము, చెమట పోయి వాటిల ఒకటి సక్కగ తగలకపోతే నీకైనట్టు అయితే గొంతు చించుకున్నట్టు మోగుతది, లేకపోతే మోగనే మోగది. ఆర్గాన్ టోన్ల మెల్లగ కొట్టినా గట్టిగ కొట్టినా సౌండ్ మామూలుగ ఒక్క తీరే వస్తది. సెట్టింగ్‌లల్ల టచ్ (కొట్టిన జోరును బట్టి సౌండ్ మార్చేది) ఆఫ్ చేసినా అంతే. అందుకే అమ్మేటోడు ఆర్గాన్ పెట్టి, ఎనక రిథమ్ ఏసి చూపెడితే ఆ గట్టి మోత బయటపడది, దానికితోడు వేడెక్కితే తప్ప కనపడని లోపం పది నిమిషాలల్ల ఎట్ల కనపడ్తది.

ఇప్పుడు ఆయనకు ఫోన్ చెయ్యకు, మెసేజ్ పెట్టు. ఫలానా తారీఖు కంప్లైంట్ లేదని రాసిన్రు, బోర్డు మీద నీళ్లు పోయిన గుర్తులున్నయ్, వీడియో పంపుతున్న, 7 రోజులల్ల మీ కీబోర్డు మీరు తీస్కొని 24 వేలు వాపస్ ఇయ్యుండ్రి అని మర్యాదగ రాయి, తిట్లు, బెదిరింపులు ఒక్కటి కూడా వద్దు, రేపు అదే చాట్ ఇంకొకళ్లు చదువుతరు. రెండు మూడు వేలు ఇస్తా ఊకో అంటే మాత్రం నేనైతే ఒప్పుకోవద్దనే చెప్త, బోర్డుకు పట్టిన చిలుము ఆడ్నే ఆగది, ఇయ్యాల నాలుగు కీలంటే వచ్చే వానాకాలానికి పది.

వినకపోతే హన్మకొండల జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోయి దరఖాస్తు ఇయ్యి. కేసు పెట్టకముందే ఇద్దర్ని పిలిచి మాట్లాడుతరు, ఫీజు లేదు, లోక్ అదాలత్‌ల రాజీ అయితే అది సివిల్ కోర్టు డిక్రీతోని, అంటే తీర్పుతోని సమానం. వినియోగదారుల కమిషన్ నీకు పనికిరాదు, ఎందుకంటే ఆయన దుకాణం పెట్టుకొని అమ్మేటోడు కాదు, ఇంట్ల వస్తువు ఒకసారి అమ్మిండు. అదే దుకాణంల కొని ఉంటే 2019 వినియోగదారుల చట్టం కింద నీ జిల్లా కమిషన్‌లనే కేసు ఏసుకోవచ్చు, 5 లక్షల దాంక ఫీజు లేదు, 2 ఏండ్ల టైం ఉంటది, అంతకు ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. నువ్వు సంపాదనకు కొన్నవ్ గద, నువ్వు వినియోగదారునివి ఎట్లయితవ్ అని దుకాణమాయన అంటే భయపడొద్దు, సొంతంగ చేసుకొని బతికేటోడు తన బతుకుదెరువుకు కొన్న వస్తువు ఆ లెక్కల రాదని చట్టంలనే రాసి ఉంది.

ప్రశ్న: మా బాబు బతుకమ్మ, వినాయక చవితి ప్రోగ్రాములల్ల ఆక్టోప్యాడ్ (కట్టెలతోని కొట్టే 8 ప్యాడ్ల కరెంటు డ్రమ్ము) కొడ్తడు, ఇన్నొద్దులు దోస్తుది అడుక్కొని కొట్టిండు. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌ల ఒకటి కొనిద్దామంటే భయమైతుంది. ఏం చూసి కొనాలె?
- జమ్మికుంట నుంచి ఒక అమ్మ

జవాబు: అక్కా, పండుగల ముందట మాత్రం కొనకుండ్రి, అప్పుడు అందరికీ కావాలె, రేటు ఎక్కువ చెప్తరు, చూసుకోనీకి టైం ఇయ్యరు. దసరా ఎల్లినంక అమ్మేటోళ్లు ఎక్కువ, బేరం మన చేతిల ఉంటది.

పోయేటప్పుడు బాబుని తీస్కపోండ్రి, సొంత హెడ్‌ఫోన్, సొంత కట్టెలు పట్టుకపొమ్మనుండ్రి. 8 ప్యాడ్లల్ల ఒక్కొక్కదాన్ని నడుమల, నాలుగు అంచులకు, మెల్లగ, గట్టిగ కొట్టి చూడాలె. ప్యాడ్ కింద సెన్సార్ ఉంటది, అది ఊడితేనో దాని మెత్తటి స్పాంజి గట్టిపడితేనో ఒక్క దెబ్బకు రెండు మోగుతయ్, మెల్లగ గబగబ కొట్టే రోల్ ఇనపడనే ఇనపడది. ఒకటి కొడితే పక్కది మోగితే మాత్రం వెంటనే పాడైందనుకోవద్దు, అది సెట్టింగ్ కూడా కావొచ్చు, సెట్ చేసి చూపెట్టుమనుండ్రి. హెడ్‌ఫోన్ పిన్ను, పవర్ పిన్ను కొంచెం అటిటు కదిపితే గరగర వస్తే లోపల జాక్ వదులైనట్టే. అడుగున స్క్రూల తలకాయలు అరిగి ఉంటే ఎవరో విప్పిన్రు, ఎందుకు విప్పిన్రని అడగుండ్రి. అన్నిటికన్న ముఖ్యం, గంటసేపు ఆన్ చేసి ఉంచాలె, అమ్మేటోళ్లు చాయ్ పోసినా పోయకపోయినా కూసోండ్రి.

అడాప్టర్ ఆ మోడల్‌దేనా చూస్కోండ్రి. రోలాండ్ పాత ప్యాడ్లు చాలావాటికి 9 వోల్టులు, పిన్ను నడుమ మైనస్ ఉంటది, యమహా పీఎస్ఆర్ కీబోర్డులకు చాలావరకు 12 వోల్టులు, నడుమ ప్లస్. పిన్ను పడుతుంది గదా అని ఒకదానిది ఇంకోదానికి పెట్టి కాల్చుకున్నోళ్లు ఉన్నరు. జనరేటర్ మీద ఊరేగింపులల్ల తిరిగిన సరుకా అని కూడా అడగుండ్రి.

ఇగ అడుగుడు ఎట్ల అడగాలెనో చెప్త, ఇది నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికి చెప్తనే ఉంటా. కాంట్రాక్ట్ చట్టం 17వ సెక్షన్ కింద ఒక గుర్రం ఉదాహరణ ఉంది. గుర్రానికి రోగమని తెల్సి కూడా అమ్మేటోడు వేలంల ఏం చెప్పకుండ అమ్మిండు, అది మోసం కాదన్నది చట్టం. అదే కొనేటోడు "నువ్వు కాదనకపోతే గుర్రం మంచిగున్నదనే అనుకుంటా" అన్నప్పుడు అమ్మేటోడు ఊకుంటే ఆ ఊకునుడు నోటితో చెప్పినదాంతో సమానం. అంటే అడగకపోతే చెప్పకున్నా నడుస్తది, అడిగితే నడవది. అందుకని అడ్వాన్స్ ఇయ్యకముందే ఈ మెసేజ్ పెట్టుండ్రి: "అన్నా, 8 ప్యాడ్లు, అన్ని జాక్‌లు, డిస్‌ప్లే మంచిగ పనిచేస్తున్నయ్, నీళ్లు పోలేదు, లోపల రిపేర్ కాలేదు అనుకొని తీస్కుంటున్నం. ఇందుల ఏదన్న కాదంటే ఇప్పుడే చెప్పుండ్రి." నిజాయితీగ ఉన్నోళ్లు అవునని రాస్తరు, లేకపోతే ఏమున్నదో చెప్తరు. ఫోన్ చేసి మాట్లాడుదాం తీయక్కా అని దాటేసేటోళ్ల దగ్గర కొనకుండ్రి. పైసలు కూడా ఫోన్‌పేనో గూగుల్‌పేనో చేయుండ్రి, చేతికిస్తే రసీదు తీస్కోండ్రి.

ప్రశ్న: నా పాత సౌండ్ మిక్సర్ (మైకులు, వాయిద్యాల సౌండ్ కలిపే మిషిన్) అమ్ముతున్న. 8 చానళ్లల్ల ఒకదాని ఫేడర్ (సౌండ్ పెంచి తగ్గించనీకి పైకి కిందికి జరిపేది) కదిపితే గరగర వస్తది. చెప్తే రేటు సగం అడుగుతరు. చెప్పాల్నా?
- కాజీపేట పాఠకుడు

జవాబు: చెప్పాలె తమ్మీ. ఆ మిక్సర్ కొనేటోడు కూడా మనలెక్క స్టేజి మీద బతికేటోడే, ఎక్కడ్నో ఒక పెండ్లిల పిల్ల తండ్రి మైకు పట్టుకున్నప్పుడు ఆ చానల్ పోతే మాట పడేది వాడే. రేటు సగానికి పడకుండ ఉండే దారి కూడా ఉంది. గరగర వచ్చేది చాలాసార్లు దుమ్ముతోనే, ఫేడర్లకు వాడే కాంటాక్ట్ క్లీనర్ కొట్టించి చూడు, డబ్ల్యూడీ-40 లాంటివి మాత్రం కొట్టొద్దు, జిడ్డు మిగిలి ఇంక ఎక్కువ దుమ్ము పడ్తది. పోతే మంచిదే, క్లీన్ చేయించిన అని చెప్పు. పోకపోతే ఫేడర్ మార్చనీకి ఎంతైతదో మెకానిక్‌తోని రాయించుకో, ఆ చీటీ కొనేటోడికి చూపెట్టి అంత మాత్రమే తగ్గియ్యి, "5వ చానల్ ఫేడర్‌ల శబ్దం ఉంది, చెప్పి అమ్మిన" అని ఇద్దరు సంతకాలు పెట్టుకోండ్రి. సగానికి అడిగేటోడికి ఆ చీటీ చూపెడితే ఇగ బేరం ఆ ఒక్క ఫేడర్ మీదనే నడుస్తది.