ఢిల్లీ దారిలో భోపాల్‌లో ఒకటిన్నర రోజు ఆగితే ఏం చూడొచ్చు?

హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తూ అమ్మానాన్నలతో భోపాల్‌లో దిగుదామనుకుంటున్నామని, చేతిలో ఒకటిన్నర రోజే ఉందని, అంత చూడాల్సిన ఊరేనా అని అడిగారు. తప్పకుండా దిగండి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కే మనలో చాలామందికి భోపాల్ అంటే రాత్రి భోజనాల వేళ వచ్చే స్టేషన్, అంతే. నేనూ ఎన్నోసార్లు అలాగే దాటి వెళ్లాను. కిందటి డిసెంబరులో అమ్మను వెంటబెట్టుకుని శుక్రవారం రాత్రి దిగి, ఆదివారం రాత్రి బండెక్కాను.

ముందు మేం చేసిన పొరపాటు చెప్తాను. సాంచి స్తూపాలు, భోజ్‌పూర్ శివాలయం, భీమ్‌బేట్కా గుహలు మూడూ ఒక్క రోజులో తిప్పేస్తానని కారాయన అంటే సరేనన్నాం. సాంచి ఊరికి ఈశాన్యంగా దాదాపు యాభై కిలోమీటర్లు. మిగతా రెండూ దక్షిణాన. మళ్లీ ఊరి మధ్యలోంచే రావాలి. భీమ్‌బేట్కా చేరేసరికి అమ్మ అలసిపోయి కారు దిగలేకపోయింది. వేల ఏళ్ల నాటి గుహల బొమ్మలు నేనొక్కదాన్నే పావుగంటలో చూసి వచ్చేశాను. ఆవిడకు అవి చూపించలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది. పెద్దవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి మీరు ఒక్క దిక్కే పెట్టుకోండి. నా మాట వింటే సాంచి.

సాంచికి పొద్దున్నే బయల్దేరండి. దారిలో కర్కట రేఖ రోడ్డును దాటే చోట గీత గీసి, బోర్డు పెట్టారు. బడిలో గ్లోబు మీద చూసిన గీత మీద నిలబడి అమ్మ ఫోటో తీయించుకుంది. కారు కొండమీదికే వెళ్తుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నా ఇబ్బంది లేదు.

పెద్ద స్తూపం చుట్టూ నాలుగు తోరణాలుంటాయి. దక్షిణ తోరణం దగ్గర మాత్రం తొందరపడకండి. పైనున్న అడ్డదూలానికి ఒకవైపు పద్మం మీద లక్ష్మి, ఇంకోవైపు చెట్లు, స్తూపాలు చెక్కారు. ఆ స్తూపాల్లో నడిమిదాని గుండ్రటి ఒంటి మీద బ్రాహ్మీ లిపిలో చిన్న శాసనం ఉంది. కంటికి ఆనదు, ఫోన్ కెమెరాతో దగ్గరికి లాక్కుని చూడాలి. రాజు సిరి శాతకర్ణి శిల్పులకు పెద్ద, వాసిష్ఠీ కొడుకు ఆనందుడు ఇచ్చిన దానమని అందులో రాసి ఉంది. శాతకర్ణి అంటే మన పాఠాల్లో చదివిన శాతవాహనుల రాజే. గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అని రాజులకే తల్లి పేరు చేర్చి చెప్తారనుకునేదాన్ని. పనివాళ్ల పెద్ద కూడా అలాగే చెప్పుకున్నాడు. అమ్మకు చదివి చెప్తే, "వాళ్లమ్మ పేరు కూడా రాయించాడా!" అని చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయింది. అదే తోరణం మీద ఇంకో శాసనం ఉంది, విదిశ దంతపు పనివాళ్లు ఈ చెక్కడం చేశారని. ఏనుగు దంతం చెక్కిన చేతులని తెలిశాక చూస్తే రాతిలో ఆ సన్నటి పని ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. 1912-19 మధ్య పురావస్తు శాఖకు పెద్దగా ఉన్న జాన్ మార్షల్ ఈ కట్టడాలను బాగుచేసినప్పుడు భోపాల్‌ను ఏలుతున్న సుల్తాన్ జహాన్ బేగం డబ్బిచ్చింది. 1819 నుంచి 1926 దాకా చాలావరకు ఆ రాజ్యాన్ని నలుగురు బేగంలే ఏలారు.

సాయంత్రానికి ఊళ్లోకి వచ్చి పెద్ద చెరువు దగ్గర బోట్ క్లబ్ వైపు కూర్చోండి. బడా తలాబ్ అంటారు. సరస్సు అనగానే ప్రకృతి ఇచ్చిందనుకుంటాం, కానీ ఇది మన రామప్ప, పాకాల చెరువుల్లాగే కట్ట వేసి నిలిపిన నీళ్లు. పదకొండో శతాబ్దంలో భోజరాజు కోలాన్స్ నదికి అడ్డంగా మట్టికట్ట వేయించి కట్టించాడని చెప్తారు. కాళిదాసు కథల్లో విన్న భోజుడే. మన ఆ చెరువుల కంటే నూట యాభై ఏళ్లకు పైగా ముందరి మాట. అవతలి ఒడ్డు సాయంత్రం మసకలో కలిసిపోతుంది, అంత పెద్దది. ఊరు ఇప్పటికీ ఆ నీళ్లు తాగుతోంది.

మిగిలిన పూట శ్యామలా హిల్స్‌లో జనజాతీయ సంగ్రహాలయానికి, అంటే గిరిజన మ్యూజియానికి ఇవ్వండి. గోండు, భిల్లు, బైగా, కొర్కు ఇళ్లూ దేవుళ్లూ వాళ్ల చేతులతోనే కట్టించి పెట్టారు. ఆదిలాబాద్ గోండులను ఎరిగినవాళ్లకు అక్కడ నిలబడితే కొత్త చోటనిపించదు. రెండు గంటలు తక్కువే. సోమవారం మూసేస్తారు కాబట్టి టికెట్లు కొనేముందే ఆ రోజు తప్పించుకోండి. కళల కేంద్రం భారత్ భవన్ కూడా సోమవారం ఉండదు. సాంచిలో స్తూపం రోజూ చూడొచ్చు కానీ, కింద ఉన్న మ్యూజియానికి శుక్రవారం సెలవు.

తిండి సంగతి పెద్దగా చెప్పను. పొద్దున అటుకుల పోహా, పక్కన వేడి జిలేబీ తినండి. పాతబస్తీలో సులేమానీ చాయ్ అడిగితే పాలటీలో ఉప్పు వేసి ఇస్తారు. మా అమ్మ మొదటి గుక్కకు ముఖం చిట్లించింది. రైలెక్కే ముందు మళ్లీ అదే తాగుదామని ఆటో ఆపించింది.