విద్యార్థులు కంపోజ్ చేసిన ఐటమ్‌ల ఎంపికలో విద్యార్థుల్నే కూర్చోబెట్టొచ్చా?

మీ ప్రశ్నలో అసలు సంగతి ఇది: మీ డాన్స్ డిపార్ట్‌మెంట్ ప్రదర్శనకి విద్యార్థులు కంపోజ్ చేసిన 14 డాన్స్ ఐటమ్‌లు వచ్చాయి, 10కే చోటుంది, ఎంపిక పిల్లల చేతికిస్తే స్నేహితులకే మార్కులు వేసుకుంటారేమో అని అనుమానం. ఎంపికలో వాళ్లని కూర్చోబెట్టండి. చేతులెత్తించే ఓటింగ్ మాత్రం వద్దు. ఎనిమిది మంది ఆడే గ్రూప్ ఐటమ్‌కి ఎనిమిది ఓట్లు ముందే పడి ఉంటాయి, సోలోకి ఒక్కటే. దానికి తోడు అందరికీ తెలిసిన పాట ఉంటే ఇక కొరియోగ్రఫీని చూసేవాళ్లే ఉండరు.

మొదట ఎవరి అధికారం ఎంతవరకో రాసి గోడకి అంటించండి. టీచర్లు ఏ కారణాల మీద ఐటమ్‌ని ఆపగలరో అందులో ఉండాలి: దెబ్బలు తగిలే ప్రమాదం, నిడివి మించడం, స్టేజీ మీద సాధ్యం కాకపోవడం. ఈ మూడూ చాలు. పిల్లలు ఎంచినదాన్ని తర్వాత గుట్టుగా మార్చే ఉద్దేశం ఉంటే అసలు వాళ్లని పిలవకండి. ఒక్కసారి అలా జరిగితే వచ్చే ఏడాది ఎంపిక ప్యానెల్‌లో కూర్చునే పిల్లలు టీచరు మొహం చూసి మార్కులు వేస్తారు.

ప్యానెల్‌లో ఏడుగురు సరిపోతారు: ఐదుగురు విద్యార్థులు, ఇద్దరు టీచర్లు. తన ఐటమ్ పోటీలో ఉన్నవాళ్లు ప్యానెల్‌లోకి రాకూడదు. వేరేవాళ్ల ఐటమ్‌లో ఆడుతున్నవాళ్లు ఆ ఒక్కదానికి మార్కులు వేయకూడదు. చిన్న డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఏదో ఒకదాంట్లో ఆడుతూనే ఉంటారు కాబట్టి లైటింగ్, స్టేజ్ మేనేజ్‌మెంట్ చూసే విద్యార్థుల్ని, ఈసారి ఆడని జూనియర్లని తీసుకోండి. డాన్సర్లు గమనించనివి వీళ్ల కంటపడతాయి. ఏ ఐటమ్‌కైనా కనీసం ఐదుగురు మార్కులు వేసేలా చూసుకోవాలి.

ప్రదర్శనకి ఆరు వారాల ముందు ఒకసారి అందరి ఐటమ్‌లూ చూడండి, మార్కులు లేకుండా. ఎంపిక నాలుగు వారాల ముందు. అంతకన్నా ఆలస్యమైతే లైటింగ్ వాళ్లకి టైం చాలదు. మరీ ముందు పెడితే సగం పూర్తయిన ఐటమ్‌లకి ఊహించి మార్కులు వేయాల్సి వస్తుంది.

ఆ మొదటి చూపులో మాట్లాడే పద్ధతికి అమెరికన్ కొరియోగ్రాఫర్ లిజ్ లెర్మన్ 1990లో మొదలుపెట్టిన నాలుగు మెట్ల విధానం బాగా పనికొస్తుంది. మొదట చూసినవాళ్లు తమ మనసుకి తగిలింది చెబుతారు. తర్వాత కంపోజ్ చేసినవాళ్లు ప్రశ్నలడుగుతారు. మూడోది, చూసినవాళ్లు అభిప్రాయం కలపకుండా ప్రశ్నలడగడం. చివరగా, అనుమతి తీసుకుని అభిప్రాయం చెప్పడం; వద్దనే హక్కు కంపోజ్ చేసినవాళ్లకి ఉంటుంది. మూడో మెట్టు దగ్గరే పిల్లలు తడబడతారు. ‘చివర్లో అంతసేపు నేలమీదే ఎందుకు ఉంచావు?’ అనేది ప్రశ్న వేషం వేసుకున్న ఫిర్యాదు. ‘నేలమీద సాగే ఆ భాగంలో ఏం కనబడాలనుకున్నావు?’ అంటే అసలైన ప్రశ్న. ఈ తేడాని పది నిమిషాలు సాధన చేయించాకే మొదలుపెట్టండి.

ఎంపిక రోజు అందరూ నల్ల రిహార్సల్ బట్టల్లోనే ఆడాలి, కాస్ట్యూమ్ లేకుండా, ట్యూబ్‌లైట్ వెలుతురులో. ఐటమ్‌కి 15 నిమిషాలు లెక్కేసుకోండి: ఆట 5, మాట్లాడకుండా రాసుకోవడం 3, చర్చ 7. 14 ఐటమ్‌లకి మూడున్నర గంటలు. ఒకే రోజు పెడితే ఆఖరి నాలుగింటిని కళ్లు చూస్తాయి కానీ బుర్ర చూడదు. రెండు రోజులు చేయండి, వరస చీటీలు తీసి నిర్ణయించండి. మొదట వచ్చిన ఐటమ్‌కి అందరూ చేయి బిగబట్టి మార్కులు వేస్తారు. అందుకని పోటీలో లేని పాత వీడియో ఒకటి చూపించి, దానికి అందరితో మార్కులు వేయించి, ఎందుకు వేశారో చెప్పించాకే అసలు పని మొదలుపెట్టాలి.

రాయడం ముందు, మాట ఆ తర్వాత. ఈ వరస తప్పితే గట్టిగా మాట్లాడే ఒక్కరి అభిప్రాయమే ఏడు కాగితాల మీదా కనబడుతుంది.

కాగితం మీద నాలుగు అంశాలు చాలు: ఆలోచన స్పష్టంగా ఉందా, స్థలాన్ని వాడుకున్న తీరు, సంగీతంతో సంబంధం, డాన్సర్లు సిద్ధంగా ఉన్నారా. ఒక్కోదానికి 1 నుంచి 4. ఐదు మెట్లు పెడితే ఎటూ తేల్చుకోలేనివాళ్లంతా 3 దగ్గర దాక్కుంటారు. లెక్క కట్టేటప్పుడు సగటు తీయకండి, మార్కుల్ని వరసగా పేర్చి మధ్యలో ఉన్నది తీసుకోండి. 3, 3, 3, 3, 1 వస్తే సగటు 2.6కి పడిపోతుంది, మధ్య విలువ 3 దగ్గరే ఉంటుంది. ఒక్కరి కోపమో ప్రేమో ఫలితాన్ని కదపలేదు. అయితే కొందరు 4, కొందరు 1 వేసిన ఐటమ్‌ని అంకెలకి వదిలేయొద్దు. నా లెక్కలో అందరూ 3 వేసినదానికన్నా అలాంటిదే ఎక్కువసేపు చర్చకి తగినది.

మార్కులతోనే జాబితా తేల్చేయడం తర్వాతి పొరపాటు. మార్కులు వచ్చాక సాధారణంగా ఆరు ఐటమ్‌ల మీద ఎవరికీ పేచీ ఉండదు, రెండు ఇంకా సిద్ధం కాలేదని అందరూ ఒప్పుకుంటారు. మిగతా ఆరింటిలో నాలుగు ఎంచడమే అసలు పని, పిల్లలు నేర్చుకునేదీ ఇక్కడే. ఒక్కో ఐటమ్‌కి ఒక అట్టముక్క తీసుకుని నిడివి, డాన్సర్ల పేర్లు, బూట్లా వట్టికాళ్లా, సామాన్లు, ఎలా మొదలై ఎలా ముగుస్తుంది అన్నవి రాసి నేలమీద పరిపించండి. మొత్తం 80 నిమిషాల్లో విరామం 15 తీసేస్తే 65. ఐటమ్ 5, చప్పట్లు అర నిమిషం, మార్పుకి 1: ఒక్కోటి ఆరున్నర, సరిగ్గా 10. అట్టలు జరుపుతుంటే నాలుగు నీరసమైన సోలోలు పక్కపక్కన పడటం, ఒకే అమ్మాయి వరసగా మూడింటిలో ఉండటం వాళ్లకే కనబడుతుంది. ఒకే డాన్సర్ రెండు ఐటమ్‌లలో ఉండి బట్టలు మాత్రమే మారితే మధ్యలో ఒక ఐటమ్, జుట్టు కూడా మారితే రెండు ఉండాలి. పూసలు, తళుకులు రాలే కాస్ట్యూమ్ తర్వాత వట్టికాళ్ల ఐటమ్ పెట్టకూడదు. తప్పకపోతే ఆ తళుకుల ఐటమ్‌ని సరిగ్గా విరామానికి ముందు పెట్టి, విరామంలో నేల ఊడిపించాలి. ఒకరు మూడు ఐటమ్‌లకి మించి ఆడకూడదన్న నియమం డాన్సర్లని ఎంచుకోకముందే చెప్పాలి. ఇప్పుడు చెబితే గొడవే.

జాబితా గోడకెక్కకముందే చోటు దొరకనివాళ్లతో విడిగా మాట్లాడండి, ప్యానెల్ కాగితాల్లోంచి కనీసం రెండు స్పష్టమైన కారణాలు చెప్పండి. ఎవరు ఎంత వేశారో మాత్రం బయటపెట్టొద్దు. ఆ ఐటమ్‌లని లైటింగ్ లేకుండా స్టూడియోలో ఒక సాయంత్రం ఆడించడం తేలిక. వాటిలో ఒకదాన్ని అదనంగా సిద్ధంగా ఉంచమని అదే రోజు తేల్చేయండి. లైట్లు, సౌండ్‌తో చేసే టెక్ రిహార్సల్ వారంలో ఎవరి కాలో బెణికి ఒక ఐటమ్ రద్దయితే, ఆ ఖాళీలోకి ఎవరొస్తారన్నది అప్పుడు కొత్తగా తేల్చే తీరిక ఎవరికీ ఉండదు.