అత్తగారి రంగూన్ కథ ముందు వినండి

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో మీర్‌పేట వైపు ఉంటాం. బాలాపూర్ దగ్గర గుడిసెల్లో ఉంటున్న రోహింగ్యా కుటుంబాలకు దుప్పట్లు, పిల్లలకు పుస్తకాలు ఇవ్వాలని మా చర్చి సంఘంలోని స్త్రీల సమాజం అనుకుంది. నేనూ పేరు ఇచ్చాను. మావారికి ఇష్టం లేదు. "మణిపూర్‌లో మనవాళ్ల చర్చిలు తగలబడితే ఎవరొచ్చారు? వీళ్ల కోసం మనం పోలీసుల చుట్టూ తిరగాలా?" అంటున్నారు. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి ఫోనులో ఏవో వీడియోలు చూసి, వాళ్లంతా దొంగలని భోజనాల దగ్గర అంటున్నాడు. మా అత్తగారు రంగూన్‌లో పుట్టి, చిన్నప్పుడే ఓడలో విశాఖ వచ్చారట. ఈ మాటలు మొదలైతే ఆమె లేచి వెళ్లిపోతారు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మీవారి గురించీ అబ్బాయి గురించీ వివరంగా రాశారు, అత్తగారి గురించి మాత్రం రెండు ముక్కల్లో ముగించారు. నేను ఆమె దగ్గరే మొదలుపెడతాను.

కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడలెక్కి తెలుగువాళ్లు తరతరాలుగా బర్మాలోని (ఇప్పటి మయన్మార్) రంగూన్‌కు కూలిపనులకు వెళ్లారు. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు ఆ నగరం మీద బాంబులు వేశాక లక్షల మంది భారతీయులు పిల్లాపాపలతో కాలినడకన బయలుదేరారు. కొందరు అరకాన్ కొండలు దాటి అక్యాబ్ రేవు చేరి, అక్కడి నుంచి పడవల్లో చిట్టగాంగ్ వచ్చారు. కలరాతో, ఆకలితో దారిలోనే పోయినవారు ఎందరో. అక్కడే ఉండిపోయినవారిని 1962లో అధికారం చేజిక్కించుకున్న సైనిక ప్రభుత్వం దెబ్బతీసింది. 1964లో దుకాణాలను జాతీయం చేసింది. నగానట్రా అక్కడే వదిలేసి కట్టుబట్టలతో ఓడలెక్కిన కుటుంబాల్లో మీ అత్తగారిది కూడా ఒకటై ఉండవచ్చు.

ఆనాటి అరకానే ఇప్పటి మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం. రోహింగ్యాలు వచ్చింది అక్కడి నుంచే. 1982 నాటి పౌరసత్వ చట్టం వారిని ఆ దేశపు జాతుల్లో లెక్కించలేదు. 2017 ఆగస్టులో సైన్యం ఊళ్లు తగలబెట్టినప్పుడు ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. మీ అత్తగారి కుటుంబం ఓడ దిగేసరికి "మీరు మావాళ్లే" అనే దేశం ఒకటుంది. వీరిని అలా అనే దేశం ఎక్కడా లేదు. ఆ ఒక్క తేడా ఎంత పెద్దదో ఆమెకు తెలిసినట్టు మీ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

కాబట్టి ఒక మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని ఓడ గురించి అడగండి. ఏం తెచ్చుకున్నారు, ఏం వదిలేశారు, ఇక్కడి పిల్లలు ఏమని పిలిచారు. ఆమె చెప్పకపోతే అక్కడితో ఆపేయండి. చెబితే, మీవారితో వాదనలో గెలవడానికి ఆమెను సాక్షిగా నిలబెట్టకండి. ఆ కథ కొడుక్కీ మనవడికీ ఆమె నోటనే, ఆమెకు ఇష్టమైన రోజున చేరాలి.

ఇక మీవారి సంగతి. ఆయనది రాతిగుండె అని నేను అనుకోవడం లేదు. 2023 మేలో మొదలైన మణిపూర్ హింసలో సుమారు అరవై వేల మంది ఇళ్లు వదిలి శిబిరాల పాలయ్యారు. ఆ బాధ ఆయన మనసులో ఇంకా పచ్చిగానే ఉంది. "అదీ ఇదీ వేరు" అని కొట్టిపారేయకండి. ఆ శిబిరాలకు కూడా ఏదైనా పంపుదామని మీరే అనండి. ఇల్లు కాలిపోయిన తల్లి దుఃఖం తెలిసిన మనిషి, ఇల్లు కాలిపోయిన ఇంకో తల్లిని అర్థం చేసుకోగలడు. కొంచెం సమయం పడుతుంది, అంతే.

పోలీసుల భయం కూడా కొట్టిపారేయదగినది కాదు. మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు, శరణార్థుల కోసం మనకు ప్రత్యేక చట్టమూ లేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కార్డు చాలామందికి ఉన్నా, ఇక్కడ ఉండే హక్కును అది ఖాయం చేయదు. అందుకే అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న నమోదిత సేవాసంస్థ ద్వారానే వెళ్లమని మీ సమాజానికి చెప్పండి. ఇల్లు అద్దెకు ఇప్పించడం, ఆధార్ వంటి కాగితాలు ఇప్పించడం వంటి వాటి జోలికి వెళ్లవద్దు. వారు ఈ దేశంలో ఉండాలా వద్దా అన్నది ప్రభుత్వాలు, కోర్టులు తేల్చే విషయం. ఈ చలికాలంలో అక్కడి పసిపిల్లలకు దుప్పటి ఉందా లేదా అన్నది ఇరుగుపొరుగుగా మనం చూడాల్సిన విషయం. ఈ రెండూ వేరని మీవారికి నిదానంగా చెప్పి చూడండి.

కుటుంబ ప్రార్థనలో కొన్నాళ్లు బైబిల్లోని రూతు గ్రంథం చదవండి. అందులో పరదేశి రూతు ఒక్కతే అని మనం అనుకుంటాం. ముందు కరువుకు తాళలేక బేత్లెహేము నుంచి మోయాబుకు వలస వెళ్లింది రూతు అత్తగారైన నయోమి కుటుంబమే. రెండో అధ్యాయంలో పొలం యజమాని బోయజు పనివాళ్లకు ఏం చెప్పాడో అబ్బాయి చేత చదివించండి. రూతు ఏరుకోవడానికి పనల్లోంచి పరకలు కావాలనే లాగి పడేయమన్నాడు, ఆమెను గద్దించవద్దన్నాడు. తీసుకునే మనిషి తలదించుకోకుండా ఇవ్వడమంటే అదీ. మీ సమాజంవారు దుప్పట్లు ఇస్తూ ఫోటోలు దిగకూడదు. పుస్తకాల్లో సువార్త కరపత్రాలు పెట్టకూడదు. వారు ముస్లింలు. దిక్కులేని స్థితిలో ఉన్నవారికి సాయంతోపాటు మన మతం కూడా చేతిలో పెడితే అది బలవంతమే అవుతుంది. ఈ మాట మీ పాస్టరుగారికి నచ్చకపోయినా చెప్పండి.

అబ్బాయికి ఉపన్యాసం వద్దు. ఆ వీడియో ఎవరు తీశారు, ఎక్కడ తీశారు అని అడగండి. బస్తీలో ఒకడు దొంగతనం చేస్తే బస్తీ అంతా దొంగలవుతుందా అని అడగండి. వాడికే జవాబు తడుతుంది. తరువాత పుస్తకాల మూటలు మోయడానికి వెంట తీసుకెళ్లండి. అక్కడ ఆడపిల్లలు బుగ్గలకు లేత పసుపు రంగు పూత పూసుకుని కనిపిస్తే, అది తనకా అనే చెట్టు బెరడు అరగదీసి పూసుకునేది. అదేమిటో ఇంటికొచ్చి నాయనమ్మను అడగమనండి.

మీవారు అప్పటికీ రానంటే బలవంతం చేయకండి. అలాగని చాటుగానూ వెళ్లకండి. ఏ రోజు, ఎవరితో వెళ్తున్నారో, ఎంత ఖర్చు పెడుతున్నారో ఆయనకు చెప్పి, అందరితో కలిసి వెళ్లి రండి.