‘అమ్మవారు పోసింటే మాత్రలేస్తారా?’ అంటే నర్సు ఏం చేయాలి

ప్రశ్న: తిరుపతిలో ఓ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఏడో నెల గర్భిణి జ్వరంతో చేరింది. రాత్రి నుంచి ఒంటి నిండా నీటి పొక్కులు. డాక్టరుగారు చికెన్‌పాక్స్ అని మాత్రలు రాశారు. అత్తగారు మాత్రం ‘అమ్మవారు పోసింటే మాత్రలేస్తారా, తల్లికి కోపమొస్తాది’ అని అడ్డుపడుతోంది. ఆ అమ్మాయి కూడా వద్దనే అంటోంది. మాత్రలు పొడి చేసి మజ్జిగలో కలిపి ఇచ్చెయ్యమని తోటి సిస్టర్ సలహా. ఇవ్వొచ్చా?

జవాబు: మజ్జిగలో కలపడం మాత్రం వద్దు సిస్టర్. వివరం చెప్పి, సమ్మతి తీసుకున్నాకే వైద్యం చేయాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చట్టం సంగతి పక్కనపెట్టినా, ఈ విషయం బయటపడితే ఆమె మీ చేతి మంచినీళ్లు కూడా తాగదు. రేపు కాన్పుకు ఆసుపత్రి గడప తొక్కుతుందన్న నమ్మకమూ లేదు.

వద్దంటున్నది ఎవరో ముందు తేల్చుకోండి. ఆమె మేజరైతే నిర్ణయం ఆమెది, అత్తగారిది కాదు. పెద్దావిడను టీకి పంపించి, మంచం పక్కన కూర్చుని ‘నీకేం భయంగా ఉందమ్మా?’ అని అడగండి. మన వైపు ఇలాంటి చోట తరచూ వినపడే జవాబు అమ్మవారి గురించి ఉండదు. ‘రేపు బిడ్డకేమన్నా అయితే, నువ్వు మాత్రలేసుకున్నావు కాబట్టే అంటారు మేడమ్’ అంటారు. అది నింద భయం. దానికి మందు, డాక్టరుగారు భర్తనూ అత్తనూ కూర్చోబెట్టి మాట్లాడటమే. చికెన్‌పాక్స్‌కు ఇచ్చే ఎసైక్లోవిర్ మాత్ర గర్భిణులకు ఏళ్లుగా వాడుతున్నదే. దానివల్ల బిడ్డల్లో లోపాలు పెరిగినట్టు తేలలేదు. గర్భంతో ఉన్నవాళ్లకు ఈ జబ్బు ఊపిరితిత్తులకు పాకితే ప్రాణం మీదికి రావచ్చు. ఈ రెండూ డాక్టరుగారి నోటితోనే చెప్పించండి. ఆ భారం మీ ఒక్కరిదే కాదు.

అత్తగారితో అమ్మవారి మీద వాదనకు దిగొద్దు, గెలిచినా ఓడినట్టే. ‘మీ ఇంట్లో ఏమేం పాటిస్తారమ్మా?’ అని అడగండి. తలగడ దగ్గర వేపమండ, తాలింపు లేని పెరుగన్నం, చుట్టాలెవరూ రాకపోవడం... వీటిలో దేనికి అభ్యంతరం చెబుతాం? కడిగిన వేపాకు పెట్టనివ్వండి. నాకు చుట్టాలు రాకూడదన్న ఆ నియమం మరీ ఇష్టం. మన వార్డు బోర్డులు చేయలేని పని అది చేస్తుంది. తాతయ్యగుంట గంగమ్మకు ముడుపు కట్టి వచ్చాక వేసుకుంటానంటే, భర్తను వెంటనే పంపండి. కాలం మాత్రం గుర్తు చేయండి. పొక్కులు కనబడ్డ 24 గంటల్లోపు మొదలుపెడితేనే మాత్ర బాగా పనిచేస్తుంది, రాత్రి నుంచి లెక్క మొదలైపోయింది.

ఒంటరిగా అడిగినా, అన్నీ అర్థమయ్యాక కూడా ఆమె వద్దంటే, వద్దన్నట్టే. ‘బిడ్డ దక్కదు, నీ ఇష్టం’ లాంటి బెదిరింపులు వద్దు. డ్యూటీ డాక్టరుకు చెప్పి, ఆమె మాటలను ఆమె అన్నట్టే నోట్స్‌లో టైముతో సహా రాయండి. నిరాకరణ పత్రం తెలుగులో చదివి వినిపించి, సాక్షి ముందు సంతకం చేయించండి. మాత్ర వద్దన్నంత మాత్రాన డిశ్చార్జి రాసి పంపేయడమేమిటి? కొన్ని చోట్ల అదీ చూస్తున్నాం. జ్వరం, నాడి, ఆక్సిజన్, బిడ్డ గుండె చప్పుడు చూస్తూనే ఉండండి. ప్రతి రౌండులో మామూలుగా ఇంకోసారి అడగండి. ఆయాసం, వదలని దగ్గు, మగత, పొక్కుల్లో రక్తం, బిడ్డ కదలిక తగ్గడం... వీటిలో ఏది కనబడినా వెంటనే డాక్టరును పిలవండి, ఆమెనూ మళ్లీ అడగండి. పరిస్థితి మారితే జవాబూ మారుతుంది.

స్పృహ తప్పి, అడగడానికి ఎవరూ లేనప్పుడు ప్రాణం కాపాడేందుకు సద్బుద్ధితో చేసిన వైద్యానికి చట్టం రక్షణ ఇస్తుంది. స్పృహలో ఉండగా తెలిసి వద్దన్నదాన్ని మగతలోకి జారగానే ఇచ్చెయ్యడం వేరు. అది డాక్టరు, ఆసుపత్రి పెద్దలు ముందే కూర్చుని తేల్చుకోవాల్సిన మాట. రక్తం ఎక్కించొద్దనే యెహోవా సాక్షుల విషయంలోనూ ఇంతే. ఆపరేషన్‌కు ముందే ఏది వద్దో, ఐరన్ ఇంజెక్షన్ లాంటివి ఏవి ఫర్వాలేదో విడివిడిగా అడిగి రాసుకుంటారు.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ ఇది అన్నిటికన్నా ముందు చేయాల్సింది. ఆమెను మిగతా గర్భిణుల మధ్య ఉంచొద్దు. పొక్కులన్నీ పెచ్చు కట్టేదాకా వేరే గది కావాలి. చికెన్‌పాక్స్ రానివాళ్లు, టీకా వేయించుకోనివాళ్లు, గర్భంతో ఉన్న సిస్టర్లు ఆ గది డ్యూటీ తీసుకోవద్దని ఇన్‌చార్జికి ఈరోజే చెప్పండి.