క్లియర్ ఆల్ జోలికి పోకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవెనలు.

రొయ్యల పట్టుబడి దగ్గరపడింది. వాట్సాప్‌లో కౌంట్ రేటు, అదే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి పలికే ధర, చూసి కాలిక్యులేటర్ తెరిచేసరికి అంకె మర్చిపోతున్నావట. చిక్కంతా నీ వేలి అలవాటులో ఉంది అల్లుడూ. ప్రతిసారీ హోమ్ నొక్కి యాప్ బొమ్మ వెతుకుతావు, పని కాగానే తెరిచిన యాప్‌లన్నిటినీ ఒకేసారి తీసేసే క్లియర్ ఆల్ కొట్టేస్తావు.

కింద మూడు బటన్లున్న ఫోన్లో చదరపు బటన్ నొక్కితే తెరిచిన యాప్‌లు పేకముక్కల్లా వరసగా కనిపిస్తాయి. శామ్‌సంగ్‌లో చదరం బదులు మూడు నిలువు గీతలుంటాయి. దాన్నే టకటకా రెండుసార్లు కొట్టు, ఇందాకటి యాప్ వస్తుంది. ఇంకో రెండు కొడితే మళ్లీ మొదటిదే. 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన సదుపాయమిది, ఇప్పటికీ చాలామందికి తెలీదు.

బటన్లు లేని ఫోన్లో అడుగున సన్నగీత ఉంటుంది. దాన్ని పైకి తోసి, వేలు తియ్యకుండా ఒక్క క్షణం ఆపాలి. ఆపకుండా విసిరేస్తే హోమ్‌కి పోతుంది, అందరూ తప్పేది అక్కడే. గీత మీదే ఎడమనుంచి కుడికి జరిపితే వెనకటి యాప్ వస్తుంది. కానీ గట్టు మీద తడి చేతులతో, వానకి ప్లాస్టిక్ కవర్లో దూర్చిన ఫోన్‌మీద ఈ తోపుళ్లు సరిగ్గా పడవు. నన్నడిగితే సెట్టింగ్స్‌లో నావిగేషన్ అని వెతికి మూడు బటన్లే పెట్టుకో.

లెక్కల కోసమైతే అటూ ఇటూ తిరగనే అక్కర్లేదు. పేకముక్కల్లో వాట్సాప్ కార్డు పైనున్న చిన్న బొమ్మ నొక్కి, స్ప్లిట్ స్క్రీన్ ఎంచుకుని, రెండోదిగా కాలిక్యులేటర్ తెరువు. పైన రేటు, కింద లెక్క. 40 కౌంట్ అంటే ఒక్కోటి 25 గ్రాములు కదా, ఆ రేటు కళ్లెదుట ఉండగానే కిలోలతో గుణించెయ్యొచ్చు.

డబ్బులు కట్టేటప్పుడు ఓటీపీ కోసం బ్యాక్ మాత్రం నొక్కకు, కట్టే పేజీ పోతుంది. పైనుంచి నోటిఫికేషన్ తెర దించి అంకెలు చూసుకో. బ్యాంకు యాప్ కార్డు తెల్లగానో నల్లగానో కనిపిస్తే కంగారుపడకు, లోపలి వివరాలు బయటపడకుండా వాళ్లే అలా పెట్టారు.

ఇక క్లియర్ ఆల్. ఆ వరసలో ఉన్నవన్నీ నడుస్తున్నవి కావు, చాలావరకు నిద్రలో ఉన్నవే. మెమొరీ చాలకపోతే ఫోనే పాతవాటిని తీసేస్తుంది. నువ్వు తుడిచేస్తే తెరిచిన ప్రతిసారీ మొదట్నుంచీ లేపాలి, బ్యాటరీ మిగలదు సరికదా ఇంకాస్త ఖర్చవుతుంది. అంతకన్నా ముప్పు ఇంకోటుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో తుడిచేసిన యాప్‌కి అలర్ట్‌లు ఆగిపోతాయి. తెల్లవారుజామున డీవో, అంటే చెరువు నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోయే వేళ కరెంటు పోయి నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే, కబురు చెప్పాల్సిన మోటారు యాప్ మూగబోయి కూర్చుంటుంది. అందుకని ఆ మోటారు యాప్ కార్డు బొమ్మ నొక్కి పట్టుకుని తాళం గుర్తు వెయ్యి. శామ్‌సంగ్‌లో దాన్నే కీప్ ఓపెన్ అంటారు. యాప్ ఇన్ఫోలో బ్యాటరీని అన్‌రిస్ట్రిక్టెడ్ చెయ్యి. తాళం ఒక్కటే వేసి ఊరుకుంటే చాలదు.

తీసెయ్యాల్సినవీ ఉన్నాయిలే. బిగుసుకుపోయిన యాప్, ఊరు చేరాక కూడా దారి చూపిస్తూ జీపీఎస్ తాగేస్తున్న మ్యాప్స్. ఆ ఒక్క కార్డునే పైకి తోసెయ్యి. అప్పటికీ కదలకపోతే యాప్ ఇన్ఫోలో ఫోర్స్ స్టాప్ ఉంటుంది.

ఇట్లు,
మామయ్య